అద్దాల బీరువా బయటి బంతి

పోయిన వారం రంగూన్‌లో చిమిండైంగ్ బజార్లో చేపలు కొంటున్నాను. వెనకాల ఒకావిడ తన పక్కామెకి ఏదో తమాషా కబురు చెబుతోంది. సగం చెప్పి నవ్వడం మొదలుపెట్టింది. ఇక ఆగలేదు. పక్కామె "ఆ తర్వాత? తర్వాతేమైంది?" అని బర్మా భాషలో అడుగుతూనే ఉంది, ఈవిడ చెయ్యి ఊపుతోంది తప్ప చెప్పడం లేదు. నేను గిర్రున వెనక్కి తిరిగి కసిరినట్టే చూశాను. ఎవరో ముక్కూ ముఖం తెలియని మనిషి. పాపం, నవ్వు ఆపేసి పక్కకి జరిగింది.

ఆ చూపు మా మేనత్తకి దక్కాల్సింది. ఆమె పోయి ఏడాది కావస్తోంది. పోయినవాళ్లు గుర్తొస్తే కళ్లు చెమరుస్తాయంటారు. నాకు ముందు చిరాకొస్తుంది. తక్కినవన్నీ దాని వెనకాల వరస కట్టుకుని వస్తాయి.

సంచౌంగ్‌లో మాదీ వాళ్లదీ ఒకే మేడ. నేను రెండో అంతస్తు, అత్తా మావయ్యా ఆరో అంతస్తు. లిఫ్టు లేదు. రంగూన్ మేడలన్నిటికీ ఉన్నట్టే వాళ్ల వరండా నుంచి వీధి దాకా ఒక తాడు వేలాడుతుంది. కూరలమ్మి వస్తే ఆ తాడు చివరి క్లిప్పుకి సంచీ తగిలిస్తుంది, పైవాళ్లు లాక్కుంటారు. అందరి తాడుకీ పైన ఒక గంట ఉంటుంది, కిందివాళ్లు లాగితే పైన మోగడానికి. అత్త తన తాడుకి నా వరండా ఎత్తులో ఇంకో గంట కట్టించింది. అది నా కోసం.

నాది బట్టలు కుట్టే పని. కరెంటు ఉన్న కాసేపట్లోనే ఇస్త్రీలు చేసుకోవాలి, మోటారు మిషను మీద కుట్టుకోవాలి, నీళ్లు పట్టుకోవాలి. కరెంటు రాగానే వీధి వీధంతా "మీ లా బీ!" అని కేక పెడుతుంది, వచ్చేసిందొచ్చేసిందని. ఆ కేక చల్లారకముందే నా గంట మోగేది. అందరూ మోటార్లు వేసుకునే ఆ నిమిషంలో మా అత్త టీవీ పెట్టేది. పెట్టి, తనతో కూచుని చూడ్డానికి నన్ను పిలిచేది.

ఆమెకి ఇంగ్లండువాళ్ల కామెడీలంటే ప్రాణం. టీ కప్పులు పట్టుకుని ఇద్దరు మనుషులు ఒకరికొకరు సారీలు చెప్పుకుంటూ ఇల్లు తగలబడుతున్నా లేవరే, అలాంటివి. జోకు రాబోతోందని ముందే తెలుసు కాబట్టి అత్త ముందే నవ్వేది. ఆ నవ్వులో అసలు మాట వినబడేది కాదు. వినబడలేదు కదా అని వెనక్కి తిప్పేది. మళ్లీ ముందే నవ్వేది. చివరికి బొమ్మ ఆపేసి, నాకు అర్థం కాలేదని తనే తీర్మానించుకుని, తెలుగులో చెప్పడానికి దిగేది.

"సూడే గుంటా. ఆడి పెళ్లాం అడిగింది, కూర ఎలగుందీ అని. ఈడేటన్నాడు?"

"ఏమీ అనలేదు."

"అదే జోకు! ఏటీ అనలేదు సూడు!"

మావయ్య పక్క కుర్చీలో కూచుని ముక్కుతో ఒకసారి గాలి వదిలేవాడు. అది ఆయన నవ్వు. అత్తకి అది చాలు. వెంటనే ఆయన మోకాలి మీద ఒక్కటి వేసి, "సూసినావా, ఈయనకి తెలిసింది" అనేది. నేను ఇస్త్రీ పెట్టె తలుచుకుంటూ కూచునేదాన్ని.

చూసి ఊరుకున్నా బాగుండేది. ఆ ఇంగ్లండువాళ్ల పద్ధతిలో ముఖం కదపకుండా మాట్లాడ్డం నేర్చుకుంది. మా మేడ మెట్ల పిట్టగోడ ఊడిపోయిందని ఇంటి యజమానికి చెప్పాలి. అందరం చెప్పి చెప్పి అలిసిపోయాం. నేను మాట్లాడతానని అత్త బయల్దేరింది. "మీ మెట్లు ఒంటికి చాలా మంచివండీ. ఎక్కినవాళ్లకి దేవుడు గుర్తొస్తాడు" అని బర్మాలో ఎంతో మర్యాదగా అంది. ఆయన చేతులు జోడించి, సంతోషం అని వెళ్లిపోయాడు. పిట్టగోడ ఇప్పటికీ అలాగే ఉంది. నేను విసుక్కుంటే, "ఆడికి జోకు తెలకపోతే నానేటి సేస్తానే" అంది. బస్సులో ఎవరైనా ఆమె కాలు తొక్కితే ఆమే "సారీ" అనేది. వాళ్లు పట్టించుకోకపోతే ఇంటికొచ్చి పొద్దుపోయేదాకా నా దగ్గర తిట్టేది.

ఆ పిచ్చి ఎక్కడ పట్టిందో మా నాన్న చెప్పేవాడు. పెళ్లి కాకముందు అత్త ఒక వీడియో కేసెట్ల కొట్లో పని చేసేది. ఊరు విడిచి వెళ్తున్న విదేశీయులెవరో ఒక అట్టపెట్టెడు ఇంగ్లిష్ కామెడీ కేసెట్లు ఆ కొట్టుకి ఇచ్చేసి పోయారు. ఎవరూ అద్దెకి తీసుకోలేదు. వాటి మీద బర్మా సినిమాలు ఎక్కించేయమని యజమాని చెప్పాడు. ఎక్కించేముందు ఏముందో చూద్దామని అత్త పెట్టి చూసింది. ఒక ముక్క అర్థం కాలేదు. అర్థం కాని దాన్ని చెరపడం ఎలా అని ఆపింది. అలా ఆపి ఆపి, చూసి చూసి, ఒకరోజు కొట్లో ఒక్కతే కూచుని నవ్విందట. కొట్టు మూసేసినప్పుడు ఆ పెట్టె నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చేసింది.

మావయ్య ఆ కొట్టుకే వచ్చేవాడు. ఆయన రేవులో ఒక షిప్పింగు ఆఫీసులో గుమాస్తా. మా తాతలు మూటలు మోసిన రేవే అది. కొట్లో బేస్‌బాల్ ఆట ఉన్న కేసెట్టు ఒకే ఒక్కటి ఉంటే, దాన్నే మళ్లీ మళ్లీ అద్దెకి తీసుకుపోయేవాడు. "చూసిందే ఎన్నిసార్లు చూస్తారు, ఎవరు నెగ్గుతారో తెలిసిపోలేదా?" అని అత్త అడిగిందట. "నెగ్గడం కోసం చూడ్డం లేదు" అన్నాడట ఆయన. ఆ మాటకి ఆమె తన పెట్టెలోంచి ఒక కేసెట్టు తీసి, దీనికి అద్దె లేదు చూడండి అని ఇచ్చింది. మా నాన్న దాన్ని ప్రేమ పెళ్లి అని ఎప్పుడూ అనలేదు. కేసెట్టు పెళ్లి అనేవాడు.

పెళ్లయ్యాక ఒకరి జబ్బు ఒకరికి అంటుకుంది. మావయ్యకి రేవులో ఓడలవాళ్లతో పరిచయం. ఏ ఓడలోనైనా అమెరికావాడో, జపాన్‌వాడో, కొరియావాడో ఉన్నాడని తెలిస్తే చాలు, తెల్లటి తోలు మీద ఎర్రదారం కుట్టిన బంతి ఒకటి పట్టుకుని వెళ్లేవాడు. "మీ ఊళ్లో బేస్‌బాల్ ఆటగాడెవరైనా కనబడితే దీని మీద సంతకం చేయించి, మళ్లీ ఇటువైపు ఓడ వచ్చినప్పుడు తెచ్చివ్వు" అని బతిమాలేవాడు. తీసుకున్నవాళ్లలో చాలామంది మళ్లీ కనబడలేదు. కొందరు ఏడాదికో రెండేళ్లకో నిజంగానే తెచ్చేవారు. బంతి వచ్చిన రోజు ఆరో అంతస్తులో పండగ. అత్త పాయసం వండేది. దేవుడి పటాల కోసం చేయించిన అద్దాల బీరువాలోకి బంతులు చేరాయి. దేవుళ్లు ఫ్రిజ్ మీదకి ఎక్కారు.

వానాకాలం రంగూన్‌లో గోడలే బూజు పడతాయి, తోలు సంగతి చెప్పేదేముంది. అందుకని జూన్ రాగానే బంతులన్నిటినీ గుడ్డల్లో చుట్టి బియ్యం డబ్బాలో పూడ్చేవాళ్లు. ఓసారి బియ్యం అప్పు కోసం పైకి వెళ్లి డబ్బాలో చెయ్యి పెడితే గుండ్రంగా ఏదో తగిలింది. కెవ్వుమన్నాను. అత్త పరిగెత్తుకొచ్చింది, నా కోసం కాదు.

"అలగ పిసికీకు! సిరా పోతాది! రెండు వేళ్లతో అట్టుకోవాల!"

ఆ సంతకాలు నిజమైనవో కావో ఎవరికి తెలుసు? ఆ ఓడలోనే ఎవడో కూచుని గీకి ఉండొచ్చు కదా అని ఒకసారి నోరు జారాను. మావయ్య ముఖం ముడుచుకున్నాడు. అత్త మాత్రం తాపీగా, "దొంగ సంతకమే అనుకో. సముద్దరం మీద తిరిగీ మనిసి, ఎక్కడో సంచౌంగ్‌లో ఒక ముసిలాడికి బంతి ఇయ్యాలని గేపకం ఎట్టుకున్నాడు గదే. అది దొంగది కాదు గదా" అంది. వాళ్లతో ఎప్పుడూ ఇంతే. కోపం తెచ్చుకునేసరికి అది నిలవడానికి చోటుండదు.

మావయ్యకి ఒక నియమం ఉండేది. బీరువాలోకి రావాలంటే, సంతకం పెట్టినవాడు నిజం ఆటలో, జనం ముందు, మైదానంలో నిలబడినవాడై ఉండాలి. ఏ సీజన్లో, ఏ జట్టుకి అన్నది ఓడవాళ్ల దగ్గర ఆరా తీసేవాడు. అనుమానం వస్తే ఆ బంతి సందులో పిల్లలకి వెళ్లిపోయేది. అత్త నియమాన్ని ఒప్పుకునేది కాదు, తాళం మాత్రం ఆయన దగ్గర ఉండేది.

ఆయన రిటైరయ్యాక ఓడల రాకపోకలు తగ్గాయి. కొత్త బంతి ఒక్కటీ రాలేదు. తర్వాత గుండె జబ్బు పట్టుకుంది. డాక్టరు మెట్లెక్కవద్దన్నాడు. "మరి దిగొచ్చా?" అని అత్త అడిగింది. "దిగితే ఎక్కాలి కదమ్మా" అన్నాడాయన. అప్పటినుంచి మావయ్య ఆరో అంతస్తులోనే ఉండిపోయాడు. రోజంతా వరండాలో కూచుని తాడు కేసి చూస్తుండేవాడు, ఏదైనా పైకొస్తుందేమోనని.

దీపావళి రవికెలతో నేను తల మునకలుగా ఉన్న రోజుల్లో అత్త మెట్లు దిగి నా గదిలోకొచ్చి కూచుంది. గంట కొట్టకుండా తనే వచ్చిందంటే సంగతి పెద్దదని భయపడ్డాను.

"ఓలే, మీ మావ ఇన్ని సంతకాలు సేకరించినాడు గదా. ఒక్కటంటే ఒక్కటి ఎట్టతుండగా సూడనేదే. అన్నీ ఆళ్లూ ఈళ్లూ తెచ్చినవే."

"అయితే?"

"ఏటవతల దలాలో ఒక జపానాయన ఉన్నాడట. జపాన్‌లో పెద్ద జట్టులో ఆడినాడట. టీ కొట్టాయన సెప్పినాడు. రేపు ఎల్దాం."

"రేపా? అత్తా, పండగ నాలుగు రోజుల్లో ఉంది. ఈ గుట్ట చూశావా?"

"సూసాను. అందుకే పొద్దున్నే ఎల్లిపోతే బేగి వచ్చీగలం."

మర్నాడు ఏరు దాటే లాంచీలో నేను రెండు సంచులూ, గొడుగూ, ఆయనకి ఇవ్వడానికి అత్త చేసిన అరిసెల డబ్బా మోస్తూ నిలబడ్డాను. అత్త ఒడిలో ఒక కొత్త బంతి, అంతే. లాంచీ నిండా జనం, గుడ్లమ్మేవాళ్లు, సైకిళ్లు. దలా రేవులో సైకా, అదే పక్కన సీటున్న సైకిల్ రిక్షా, మాట్లాడుకుని, బురదదారిలో ఎగిరెగిరి పడుతూ వెళ్లాం. స్తంభాల మీద కట్టిన చెక్క ఇల్లు. కింద నీడలో బల్లలు వేసుకుని పదిమంది కుర్రాళ్లు, ఆడపిల్లలు జపాన్ భాష వల్లిస్తున్నారు, అక్కడ ఉద్యోగాలకి వెళ్లడానికి. వాళ్లకి చెబుతున్న పెద్దాయనే మేం వెతుక్కుంటూ వచ్చిన మనిషి. బర్మా ఆవిణ్ని పెళ్లి చేసుకుని అక్కడే స్థిరపడ్డాడు. బర్మా భాష మాకంటే శుభ్రంగా మాట్లాడాడు.

అత్త విషయం చెప్పింది. మామూలుగా చెప్పిందా? మావయ్య గుండె జబ్బు దగ్గర మొదలుపెట్టి, బియ్యం డబ్బా మీదుగా, ఎందుకో తెలీదు, ముందు రాత్రి చూసిన ఒక కామెడీ కథంతా చెప్పి, మధ్యలో తనే నవ్వి, మళ్లీ అందుకుని ముగించింది. కుర్రాళ్లు పుస్తకాలు మూసి వింటున్నారు. నేను తిరుగు లాంచీ వేళ చూసుకుంటున్నాను.

ఆయన అంతా విని తల అడ్డంగా ఊపాడు. "మీకెవరో తప్పు చెప్పారమ్మా. నేను ఆటగాణ్ని కాదు. జట్టుతో ఉన్నాను, నిజమే. బంతి విసిరేవాళ్లు ఆటలోకి దిగేముందు చెయ్యి వేడెక్కించుకోవాలి కదా, అప్పుడు వాళ్ల బంతులు పట్టేవాణ్ని. కంచె వెనకాల. ఆట మొదలయ్యాక అక్కడే కూచునేవాణ్ని. మైదానంలో నా పేరు ఒక్కసారి కూడా పిలవలేదు."

నా ప్రాణం ఉసూరుమంది. నాలుగు రోజుల్లో పండగ, ఒక రోజు గంగపాలు. ఇక లేద్దామని అత్త భుజం తట్టాను. ఆమె కదల్లేదు. ఆయన చేతుల కేసే చూస్తోంది.

"చేతులు చూపించండి" అంది చివరికి.

ఆయన మొహమాటపడుతూ చాపాడు. ఎడమ చేతి చూపుడువేలు కణుపు దగ్గర లావుగా, పక్కకి వంగి ఉంది. బంతులు తగిలి తగిలి అలా అయిందన్నాడు. అత్త ఆ వేలుని పట్టుకుని చూసింది. బియ్యంలో రాయి చూసినట్టు చూసింది. తర్వాత సంచిలోంచి బంతి తీసింది.

"దీని మీద పెట్టండి. మా ఆయనకి కాదు. ఆయనకి లెక్కలుంటాయి. ఇది నాకు."

"ఏం రాయమంటారు?"

"మీ పేరు."

ఆయన వెంటనే రాయలేదు. ఒక అమ్మాయి దగ్గర కాయితం అడిగి, దాని మీద ఒకసారి రాసి చూసుకున్నాడు. ఎప్పుడూ ఎవరూ అడగలేదు కాబట్టి గుండ్రంగా ఉన్న దాని మీద ఎలా రాయాలో తెలీదన్నాడు. తర్వాత బంతిని మోకాలికి ఆనించుకుని, నిలువుగా, తన భాషలో, నిదానంగా రాశాడు. కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. లాంచీ వెళ్లిపోయింది, తర్వాతది దొరకబుచ్చుకునేసరికి చీకటి పడొచ్చింది. అత్త ఆ తోపులాటలో కూడా బంతిని రెండు వేళ్లతోనే పట్టుకుని నిలబడింది. సంచులు నేనే మోశాను.

ఇంటికొచ్చి చెబితే మావయ్య అన్నీ అడిగాడు. ఏ జట్టు, ఎన్నేళ్లు, ఎవరెవరి బంతులు పట్టాడు. ఆఖర్న, "ఎన్ని ఆటలాడినాడు?"

"ఒక్కటీ నేదు" అంది అత్త.

"అయితే బయటెట్టు."

"అద్దాల్లోనే ఎడతాను."

"తాళం నా దగ్గరుంది."

"ఉంచుకో. మొలతాడుకి కట్టుకో."

బంతి ఫ్రిజ్ మీద దేవుళ్ల మధ్య కూచుంది. ఆ రోజు నుంచి అదే గొడవ. పొద్దున్నే అత్త దాన్ని తెచ్చి బీరువా అద్దానికి ఆనించి పెట్టేది. ఆయన పళ్లు తోముకుని వచ్చి తిరిగి ఫ్రిజ్ మీద పెట్టేవాడు. మధ్యాహ్నం మళ్లీ. ఇద్దరికిద్దరూ తీర్పు చెప్పమని నన్ను పిలిచేవాళ్లు. నాలుగంతస్తులు ఎక్కి, రొప్పుతూ నిలబడితే, "నువ్వు సెప్పు, ఏలు వొంకరపోయీదాకా బంతులట్టినోడు ఆటగాడు కాడా?" అని ఒకరు, "నియమం ఒకలి కోసం మారిస్తే అది నియమమేనా?" అని ఇంకొకరు. నాకు ఇద్దరి మాటా నిజంగానే అనిపించేది. అదే ఇంకా చిరాకు.

ఒక ఆదివారం దలా పెద్దాయనే అరటిపళ్లు పట్టుకుని వచ్చాడు. ఆరంతస్తులూ ఎక్కి గుమ్మంలో నిలబడి ఊపిరి పీల్చుకుంటుంటే, మావయ్య లేచి నిలబడి తన కుర్చీ ఆయనకిచ్చాడు. ఆ కుర్చీలో అత్త కూడా ఎప్పుడూ కూచోలేదు. ఇద్దరూ బర్మాలో మాటల్లో పడ్డారు. ఏ ఆటగాడు ఎలా విసిరేవాడు, ఎవరి బంతి ఎలా వంగేది. మావయ్య అంత మాట్లాడ్డం నేనెరగను. అత్త సమయం చూసి కొత్త బంతీ, పెన్నూ తెచ్చి పెద్దాయన ముందు పెట్టింది. "ఈయన చూస్తుండగా ఒక్కటి పెట్టండి."

మావయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "వొద్దండీ. మీరు పెడితే దాన్నీ నేను బయటే ఉంచాలి. అది మీకు మర్యాద కాదు."

నేను తల పట్టుకున్నాను. ఇంటికొచ్చిన మనిషితో ముఖం మీద అనే మాటేనా? పెద్దాయన మాత్రం కాసేపు ఆలోచించి, "నిజమే. నా దగ్గర బీరువా ఉంటే నేను కూడా నన్ను పెట్టను" అన్నాడు. ఇద్దరూ ఎంతో సంతృప్తిగా ఒకరికొకరు తల పంకించుకున్నారు. అత్త పెన్ను నేలకేసి కొట్టింది.

తర్వాత ఆయన ఆ కొత్త బంతిని తీసుకుని మావయ్య కుడి అరచేతిలో పెట్టాడు. వేళ్లు ఒక్కొక్కటీ సర్ది, ఎర్రదారపు కుట్టు మీద చూపుడువేలూ మధ్యవేలూ, కింద బొటనవేలూ ఆనించి, "ఇలా పట్టుకుంటారు" అన్నాడు. మావయ్య జీవితమంతా బంతుల్ని సిరా చెరిగిపోతుందని వేళ్ల కొసలతో తాకినవాడు. ఆటగాడిలా చేతినిండా పట్టుకోవడం అదే మొదలు. పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాడు. గదిలో ఎవరం మాట్లాడలేదు. కింద వీధిలో మొహింగా, చేపల పులుసు సేమ్యా, అమ్మే బండి పోతోంది.

"ఇప్పుడెవలూ ఏటీ మాటాడకండి!" అని అత్త గట్టిగా అరిచింది.

అంతా పోయింది. పెద్దాయన ఉలిక్కిపడ్డాడు, మావయ్య ముక్కుతో గాలి వదిలాడు. నేనైతే ఆవిణ్ని కొట్టి ఉండేదాన్ని.

అప్పటినుంచి పెద్దాయన వీలైనప్పుడల్లా ఆదివారాలు వచ్చేవాడు. అత్త ఆయనకి కామెడీలు చూపించి బర్మాలో విడమరిచి చెప్పేది. ఆయన నవ్వు రానిచోట నవ్వేవాడు. ఆమె ఓపిగ్గా ఆపి, ఇక్కడ కాదు అని దిద్దేది. బంతి మాత్రం పొద్దున బీరువా దగ్గరికీ, తర్వాత ఫ్రిజ్ మీదకీ తిరుగుతూనే ఉంది.

పోయిన వానాకాలంలో అత్తకి జ్వరం పట్టుకుంది. ఏం లేదు ఏం లేదంటూ వారం గడిపింది. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి నిలబడలేకపోతోంది. డాక్టరమ్మ వచ్చి ఎలా ఉందని అడిగితే, "చాలా బాగుందమ్మా, మీ మంచాలు ఎలా ఉంటాయో చూసి పోదామని వచ్చాను" అంది, ముఖం కదపకుండా. ఆ అమ్మాయి సరేనని కాయితం మీద ఏదో రాసుకుని పక్క మంచానికి వెళ్లిపోయింది. నేను వరండా అంతా పరిగెత్తి, ఆమెని ఆపి, బాగాలేదమ్మా, ఒళ్లు కాలిపోతోంది, రాత్రంతా వాంతులు, ఆవిడ మాటలు పట్టించుకోకండి అని మొత్తుకుని వెనక్కి తీసుకొచ్చాను. అత్త నన్ను జాలిగా చూసింది.

"నీకు జోకు సెప్పడం కష్టమే" అంది.

రెండు రోజుల తర్వాత తెల్లారగట్ల పోయింది. నేను పక్కనే ఉన్నాను. ఆమెకి మాట్లాడే ఓపిక అప్పటికే లేదు.

మావయ్య కిందకి దిగుతానన్నాడు. డాక్టరు మాట గుర్తు చేస్తే, "దాన్ని సాగనంపడానికి నాను తాడట్టుకుని పైన్నుంచి సూడాలా?" అన్నాడు. టీ కొట్టు కుర్రాళ్లు నలుగురు ఆయన్ని కుర్చీతో సహా ఎత్తి, పిట్టగోడ లేని మెట్ల మీదుగా దింపారు. దింపినంతసేపూ ఆయన "ఎడమ పక్క జాగర్త, అక్కడ పెచ్చు ఊడింది" అని చెబుతూనే ఉన్నాడు. శ్మశానంలో నిప్పు పెట్టాక చాలాసేపు నిలబడ్డాడు. దలా పెద్దాయన ఆయన మోచెయ్యి పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

దిగిన మనిషిని మళ్లీ ఎక్కించే దారి లేదు. మా రెండో అంతస్తుకి మాత్రం మెల్లగా చేర్చాం. నా దగ్గరే ఉండిపోయాడు. ఆరో అంతస్తు ఖాళీ చేసి, సామాన్లు ఒక్కొక్కటే దింపించాను. టీవీ వచ్చింది, బియ్యం డబ్బా వచ్చింది, అద్దాల బీరువా వచ్చింది. నా గుడ్డల బల్ల జరిపితే గాని అది పట్టలేదు. వాన తగ్గాక ఒకరోజు బంతులన్నీ తుడిచి లోపల సర్దుతున్నాను. తాళం ఆయనే తీసిచ్చాడు. కుర్చీలో కూచుని, ఏది ఎక్కడ పెట్టాలో చెబుతున్నాడు. అన్నీ అయ్యాక దలా బంతి ఒక్కటే నా చేతిలో మిగిలింది. ముందు వరసలో మధ్యలో చోటు చేసి దాన్ని పెట్టబోయాను.

"ఎక్కడెడతన్నావు?"

"లోపలే."

"ఎవలు సెప్పినారు?"

"ఎవరు చెప్పాలి మావయ్యా? అత్త అన్నాళ్లు అడిగింది. ఇంకా ఏమిటి మీ నియమం? మనిషే లేదిప్పుడు."

కోపమొచ్చిందనుకున్నాను. చూస్తే కళ్లజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకుంటున్నాడు.

"ఎట్టీసాననుకో, మీ అత్త నెగ్గిపోయినట్టే గదా" అన్నాడు. "నెగ్గిపోతే నాతో దెబ్బలాడ్డానికి దానికింక ఏటి మిగుల్తాది?"

ఇలాంటి మనుషులతో ఏం వాదిస్తాం? బీరువా తలుపు వేసి తాళం ఆయన చేతిలో పెట్టాను. బంతి పట్టుకుని గది మధ్యలో నిలబడ్డాను. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు, అత్తవాళ్లది చోటు చాలక అమ్మేశాం. గోడకి అలమరా లేదు. కిటికీలో పెడితే వాన జల్లు. చివరికి కుట్టు మిషను బల్ల చివర పెట్టాను. ఆయన చూసి సరే అన్నట్టు తలాడించాడు.

మిషను కదిలినప్పుడల్లా అది దొర్లి కింద పడుతుంది. రోజుకి ఎన్నిసార్లో చెప్పలేను. కుట్టు ఆపి, దారం తెగకుండా చూసుకుని, కుర్చీ వెనక్కి తోసి, వంగి వెతికి తెచ్చి, మళ్లీ అక్కడే పెడుతున్నాను.